తాతయ్య మట్టి చూసి మెచ్చిన ఇల్లు

"అమ్మమ్మా, రాజమండ్రిలో ఆ ఇల్లు అక్కడే ఎందుకు కొన్నావు?" అంటావేంటే, పెద్ద కథే అది! నువ్వూ ఒకటి కొని అద్దెకిద్దామనుకుంటున్నావా? మంచిదే. కూచో. ఆ ఫ్యాను కొంచెం ఇటు తిప్పు. ఆఁ.

మా నాన్న నా పెళ్ళికి కడియం దగ్గర అరెకరం రాసిచ్చాడు. నాకంటూ ఉన్నది అదే. కౌలు సరిగ్గా రావట్లేదని, అమ్మేసి రాజమండ్రిలో చిన్న ఇల్లు కొందామన్నాను. అప్పటికి మీ అమ్మ ఇంటరు... కాదు కాదు, డిగ్రీ మొదటేడు. సెల్‌ఫోన్లు అవీ మా ఊళ్ళోకి ఇంకా రాలేదులే. పొలం అమ్మిన రోజు ఎంత ఏడ్చానో! ఈ డబ్బు కూడా పోతే మా నాన్నకి ఏం మొహం చూపించనని ఒకటే బెంగ.

మీ తాతయ్యగారికి పొలం తప్ప ఇంకోటి తెలీదు కదా. ఇల్లు చూడ్డానికెళ్ళి గోడలు చూడరు, గదులు చూడరు, పెరట్లో గొంతుక్కూచుని మట్టి పిసికారమ్మా! "ఏమేవ్, ఎంత మంచి రేగడో చూడు. పల్లపు నేల, పక్కనే కాలవ, నీటికి లోటుండదు. ఇదే కొనేద్దాం" అన్నారు. బ్రోకరు కూడా "ఆయ్, ఆయ్" అని తలూపుతున్నాడు, ఊపడూ మరి! నాకేం తోచక పక్కింటావిడ్ని మంచినీళ్ళడిగాను. వాళ్ళ గోడ మీద నడుమెత్తున చార కనిపించింది. ఇదేంటండి అంటే, "వానాకాలం నీళ్ళొచ్చేస్తాయండి. మంచాలు డాబా మీదకెక్కించేస్తాం, అలవాటైపోయింది" అంది నవ్వుతూ.

మర్నాడు మా చెల్లెల్ని వెంటబెట్టుకుని నేనే తిరిగాను. ఆస్పత్రి వెనకాల, మెరకలో, రెండు పోర్షన్ల ఇల్లు చూస్తుంటే, డ్యూటీ దిగిన ఒక నర్సమ్మ ఆగి, "అద్దెకిస్తారా అమ్మగారూ?" అని అడిగింది. ఇంకా కొననే లేదు! ఇక్కడేనే అనుకున్నాను. తాతయ్యగారు వచ్చి నేలని కాలితో తన్ని చూశారు. "అంతా రాళ్ళే. గడ్డి కూడా మొలవదు."

"అద్దెకొచ్చేవాళ్ళు గడ్డి మేస్తారా అండీ?" అనేశాను. కోపం! మూడ్రోజులు మాట్లాడితే ఒట్టు. అయినా నా పొలం డబ్బు కదా, నా మాటే చెల్లింది.

ఆ ఏడే శ్రావణంలో పట్టింది వాన, వదిలితేనా! మీ తాతయ్యగారు నాతో చెప్పకుండా బస్సెక్కి వెళ్ళి, పంచె మొలదాకా తడుపుకుని వచ్చారు. ఆ కాలవ పక్కింట్లో కిటికీల దాకా నీళ్ళట. మనింట్లో చుక్క లేదట, అద్దెకి దిగిన ఆ నర్సమ్మే అరుగు మీద కూచోబెట్టి టీ కూడా ఇచ్చిందట. నేను అక్కడే కూలబడి ఏడ్చేశాను. మా నాన్న ఇచ్చింది నిలబడిందే తల్లీ! ఎన్ని నెలల బరువో ఒక్కసారి దిగిపోయింది.

ఆయన తల తుడుచుకుంటూ "నువ్వన్నదే కరెక్టు" అన్నారు. నా కాపురంలో ఆ మాట వినడం అదే మొదలు. అక్కడితో ఊరుకుంటారా? "అయినా, నాట్లేస్తే మాత్రం ఆ కాలవ పక్కనే బ్రహ్మాండంగా పండును" అన్నారు.

నవ్వకే! నువ్వు కొనేటప్పుడు వానలో వెళ్ళి చూడు. పక్కింటావిడ్ని మంచినీళ్ళడుగు. చల్లగా ఉండు తల్లీ... ఆ ఫ్యాను ఆపకు, తిరగనీ.