అక్క పళ్ళసెట్టు

ఏమిటే మనవరాలా, నా పళ్ళసెట్టు వంక అలా చూస్తావు? గిన్నెలో నానేసుకుంటే తప్పా? మా పెద్దక్కయితే నిద్రలో కూడా తీసేది కాదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పని, గొంతు ఖంగుమనేది. యాభై నిండకుండానే పళ్ళన్నీ పోతే సెట్టు పెట్టించుకుంది. మా బావ, బస్సు డిపోలో మెకానిక్కులే, గ్రీజు చేతుల్తోనే ఆవిడ గడ్డం పట్టుకుని "పెళ్ళినాటి మొహం తిరిగొచ్చిందే!" అన్నాడు. అదిగో, అదే కొంప ముంచింది. సెట్టు చిగుళ్ళకి ఒత్తుకుని ఏం నమిలినా ప్రాణం పోతోందట. చెప్తే తీసెయ్యమంటాడేమోనని భయం. బోసినోటితో మొగుడికి కనబడటం అక్కకి చచ్చినా ఇష్టం లేదు మరి. ఇంట్లో "ఆఫీసులో తినేశానండీ", ఆఫీసులో "ఇంట్లో తినొచ్చానమ్మా". మధ్యలో పాలు, టీలో ముంచిన బన్ను, అంతే. మాంసం లేదు, ఆకుకూర లేదు, పండు లేదు. ఇదంతా మాకు తర్వాత తెలిసిందనుకో. ఏడాది తిరిగేసరికి మనిషి సగమైపోయింది, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. బావ హడలిపోయాడు. రక్తపరీక్షలు, ఎక్స్‌రేలు... రక్తం తక్కువుందిగానీ ఏ జబ్బూ లేదంటారు డాక్టర్లు. "ఒరేయ్, మీ అక్క నాకు దక్కదురా" అని డిపోలో రిపేరు చేస్తున్న బస్సు కింద పడుకునే ఏడ్చాడు. నాకు కాళ్ళే కనబడ్డాయి, ఆ కాళ్ళకేం చెప్పి ఓదార్చను?

ఏం చెబుతున్నాను? ఆఁ, సెట్టు. ఓరోజు మొహం కడుక్కుంటుంటే అది జారిపడి అంచు విరిగింది. ముగ్గురం పళ్ళు కట్టే ఆయన దగ్గరికి పోయాం, అక్క నోటికి రుమాలు అడ్డం. ఆయన దాన్ని లైటు కింద అటూ ఇటూ తిప్పి "ఎన్నాళ్ళయిందమ్మా?" అన్నాడు. ఏడాదిన్నర అన్నాను నేను. "నమిలేచోట ఒక్క గీతన్నా పడలేదే! వీటితో నవ్వడమేగానీ తినడం లేదా తల్లీ?" అక్క తల దించేసింది. ఆయన విరిగింది అతికి, ఒత్తుకునేచోట అరగదీసి, నోట్లో పెట్టించి, ఆపిల్ పండు పల్చగా కోసి ఒక ముక్క ఇచ్చాడు. "చిన్న ముక్కలమ్మా. రెండు పక్కలా ఒకేసారి నమలాలి, తొందరొద్దు." అప్పుడు వెలిగింది బావకి. ఎన్నడూ గొంతు పెంచని మనిషి, "నువ్వు పోతావనుకుని నేను సగం చచ్చానే! నాకు పళ్ళు కావాలా, నువ్వు కావాలా? బోసినోరైతే నేనేమన్నా పారిపోతానా?" అని గది దద్దరిల్లేలా అరిచాడు, కళ్ళమ్మట బొటబొటా నీళ్ళు. అక్క ఉండమని చెయ్యి చూపించి నములుతూనే ఉంది. మేం ముగ్గురు మగాళ్ళం నోళ్ళు తెరుచుకుని చూస్తున్నాం. చివరికి మింగింది. పెదాలు తుడుచుకుని, ఆపిల్ కోసిన కత్తి తీసి బావ చేతిలో పెట్టి, "ఇంకో ముక్క కొయ్యండి" అంది.

... కాస్త ఆ కిటికీ వెయ్యవే, కళ్ళల్లో దుమ్ము పడుతోంది.