మామ ఎత్తుకపోయిన అక్షింతల పురుగులు

"నానమ్మా, ఆ పురుగును చూసి నవ్వుతున్నవేంది?" అని అడిగితివి గద సింధూ, కూసో, చెప్త.

ఎర్ర రెక్కల మీద నల్ల చుక్కలున్నయ్ చూడు, దీన్ని అక్షింతల పురుగు అంటరు. దీనికోసం మా మామ దొంగతనం చేసిండు. అవునే, మీ తాతోళ్ల నాయిన! నవ్వకు, జెర ఆగు, మొదటికెల్లి చెప్పాలె.

గప్పుడు నేరేడ్‌మెట్ల ఇన్ని ఇండ్లు యాడివి? మాకు చిన్న చెలక ఉండె, అదే మెట్ట చేను. గంపెడు చిక్కుడు ఎంతకు పోతుండెనో చెప్తే నువ్వు నమ్మవు... సరే, ఆ ముచ్చట పక్కకు పెట్టు. ఆ చిక్కుడు ఇత్తనం మా అత్తమ్మ పుట్టింటికెల్లి తెచ్చుకున్నది. నేను కోడలుగ వచ్చిన ఏడు ఇత్తనమంత బూజు పట్టి, పిడికెడే మిగిలింది. అదే పెట్టినం. అది గిన పోతే ఆ రకం ఇంకెక్కడ దొరకది. గసోంటి పంటకు పేనుబంక తగిలింది. చిగుర్ల నిండ నల్లగ అంటుకొని రసం పీలుస్తది.

మామ రెజిమెంటల్ బజార్ పోయి ఘాటు మందు తెచ్చిండు. "నా అక్షింతల పురుగులు చస్తయ్, అవే పేనుబంకను తింటయ్" అని అత్తమ్మ అడ్డం నిలవడ్డది. "పురుగును పోగొట్టనీకి పురుగును సాకుతవా?" అని మామ. ఆఖరుకు చెలక నడుమ సుతిలి తాడు కట్టిండ్రు. అటు ఆయనది, ఇటు ఆమెది. మాటలు బంద్! "తినమని చెప్పు" అని ఆమె నాతోటి, "ఆకలి లేదని చెప్పు" అని ఆయన నాతోటి. కొత్త కోడల్ని, నడుమ నేను పరేషాన్.

మందు కొట్టంగనే మామ దిక్కు తీగెలు సాఫ్. మీసం దువ్వుకుంట తిరిగిండు. ఇప్పుడు చెప్పు, మందు పేనుబంకనొక్కదాన్నే చంపిందా? దాన్ని తినేటియి సుత పోయినయ్. పేనుబంక జల్ది జల్ది పెరుగుతది. యాడనో మిగిలింది మళ్ల షురూ అయ్యింది, తినేటియి లేకపాయె. ముందటికంటె ఎక్కువైంది. అత్తమ్మ దిక్కేమో అక్షింతల పురుగులు తినుకుంట పోతే పేనుబంక తగ్గింది.

ఓ పొద్దుగాల చూద్దును గద, మామ తాడు దాటి, అత్తమ్మ దిక్కు వంగి, రుమాల్ల అక్షింతల పురుగులు ఏరుతుండు! నేను అత్తమ్మను పిలిచిన. ఆమె ఉరికింది.

"ఓ దొంగయ్యా! తీస్కపోతే పో, గని ఇప్పుడొద్దు! నీ ఆకుల మీద మందు ఇంక ఉన్నది. పెట్టంగనే చస్తయ్!"

పాపం, ఆయన మీసం మీద ఒకటి పాకుతుంది. దులిపితే పడి చస్తదేమో అని కదలకుండ నిలవడ్డడు.

"మరెట్లనే?" అన్నడు. అన్ని రోజులకు ఆమెతోటి గదే మొదటి మాట.

"వాన పడనీ, కొత్త చిగురు రానీ. ఇద్దరం కలిసి పురుగుల్ని నీ దిక్కు విడుద్దాం."

గట్లనే విడిచిండ్రు. వాటి పిల్లలు నల్లగ, ముళ్లముళ్లగ, మొసలి పిల్లల లెక్క ఉంటయ్. పాడు పురుగులనుకొని మామ నలపబోతే, "ఆగయ్యా, పెద్దవాటికంటె ఇవే ఎక్కువ తింటయ్" అని ఆమె చెయ్యి పట్టుకున్నది. మామ దిక్కు సగం తీగెలే బతికినయ్. ఇత్తనానికి అత్తమ్మ దిక్కు కాయలే ఎండబెట్టినం. ఆ కాయలు వలుసుకుంట, ఏ గింజ పెట్టాలె, ఏది వండాలె అని మళ్ల కొట్లాట షురూ. ఇల్లంత గలగల.

నీ ఇల్లు సుత గట్లనే మాటలతోటి నిండుగుండాలె బిడ్డా. మా అత్తమ్మ ఆయుష్షు పోసుకొని, సల్లగ బతుకు.