మా బడిలో అందరికీ ఐదేళ్లే

సభకు అధ్యక్షత వహించిన లింగం గారికి, ముందు వరుసలో ఓపికగా కూర్చున్న ఇబ్రహీంపట్నం పెద్దలకు, జైలు గేటు దగ్గర నాతోపాటు రోజూ తనిఖీకి నిలబడ్డ ఆయమ్మ రేణుకమ్మకు నమస్కారం. మహిళా జైలులో పంతులమ్మగా చేసి నిన్న రిటైరైనదానికి దండ వేసి శాలువా కప్పుతారని నేను అనుకోలేదు. ఇంటికి ఎవరొచ్చి నన్నడిగినా మావారు "ఆమె జైల్లో ఉంది" అని గంభీరంగా చెప్పేవారు. (నవ్వులు)

తల్లుల వెంట లోపల పెరిగే పిల్లలకు నేను చదువు చెప్పాను. ఆరేళ్లు నిండితే బిడ్డను బయటికి పంపెయ్యాలి. అందుకే మా బడిలో పుట్టినరోజులు చెయ్యరు. ఏ బిడ్డనడిగినా ఐదేళ్లే అంటుంది. కాగితాల్లో అసలు వయసు ఉంటుందని తెలిసీ తల్లులు అట్లాగే నేర్పుతారు, పిచ్చితల్లులు.

మన పక్క ఊరి సిద్దమ్మ కూతురు భవిత అక్కడే పుట్టింది. పేర్లు చెప్పకూడదు, చెప్పేశాను, క్షమించండి. దానికీ ఐదేళ్లే అన్నారు, అయినా నిరుడు పంపించేశారు. ఇప్పుడు మేనమామ పరమేష్ ఇంట్లో ఉంటోంది. అతను చెడ్డవాడు కాదు, కడుపునిండా తిండి పెడతాడు, బడికి పంపుతాడు. ములాఖత్‌కు మాత్రం తీసుకుపోడు. ఆ గేటు మళ్లీ చూస్తే పిల్ల బతుకు బాగుపడదని అతని పట్టు. అందుకని డ్యూటీకి పోతూ పోతూ పిల్లను చూసి, ఆ ముచ్చట తల్లికి చేరవేయడం నా పని అయింది. సిద్దమ్మ ఆ ముచ్చట మీదే బతుకుతోంది.

పోయిన వారం భవిత నా కొంగు పట్టుకుని అడిగింది. "టీచర్, అమ్మ కాడికి పోవాల్నంటే నేనేం తప్పు జెయ్యాలె?"



ఇన్నేళ్లు పాఠాలు చెప్పినదాన్ని, డ్యూటీకి టైమైందని కొంగు విడిపించుకుని వచ్చేశాను. నిన్న ఆఖరి రోజు సిద్దమ్మ, బిడ్డ ఏమన్నదని అడిగితే మంచిగా చదువుకుంటోందని చెప్పి తప్పించుకున్నాను. ఆమె నమ్మింది. కాసేపటికి మెల్లగా అంది. "రేపటి సంది నాకెవరు చెప్తరు టీచర్?"

నేను చుట్టాన్ని కాను, ఇక ఆ గేటు నాకు తెరవరు. పరమేష్ తమ్మీ, వెనక కుర్చీలో నువ్వున్నావని చూశాను. నలుగురి ముందు అడుగుతున్నందుకు ఏమనుకోకు. ఒక్కసారి పిల్లను తీసుకుపో.

(వెనక వరుసలో ఒకరు లేచి బయటికి వెళ్లారు)

పోనివ్వండి, ఎవరూ ఆపకండి. అతన్ని ఏమీ అనకండి, ఆ కోపం ఇంట్లో పిల్ల మీద పడుతుంది. మీ ఆదరానికి, పెట్టిన అన్నానికి దండాలు. సిద్దమ్మకు ఏం చెప్పాలో నాకు తెలియదు, తెలిసినా చెప్పే దారి లేదు. సెలవు.