టైలర్ గారి గౌరామి జంట

"దీన్నీ ఒక గూడు అంటారటయ్యా!" అంటూ టైలర్ టీ గ్లాసుతో లేచొచ్చి, టీకొట్టులో బల్ల మీదున్న అక్వేరియంలోకి తొంగిచూశాడు. నీటి పైన ఓ మూల అరచేతంత బుడగల నురగ. దాని కింద ఎర్ర నీలం చారల మగ గౌరామి చేప అటూ ఇటూ కాపలా తిరుగుతోంది.

టీకొట్టాయన అతని చెయ్యి పట్టుకున్నాడు. "పొద్దున్నే ఆడది గుడ్లు పెట్టింది బావా. ఇంతకుముందు రెండుసార్లు పిల్లలు దక్కలేదు. ఈసారీ పోతే ఈ తొట్టి తీసి పారేసి ఇక్కడ బన్నుల అలమారా పెడతానంటోంది మా ఆవిడ. ఇప్పుడు ఆడదాన్ని తీసెయ్యాలా, ఉంచాలా? అదొక్కటి చెప్పు చాలు."

"చెప్తానయ్యా, కాస్త టీ తాగనీ. మా ఇంట్లో మొదటిసారి మగది గూడు కట్టినప్పుడు నేనూ నీలాగే కంగారుపడ్డా. కాకపోతే మాది అరచేతంత కట్టి ఊరుకునే రకమా? పైకొచ్చి నోట్లో గాలి పట్టడం, బుడగ వదలడం, మళ్లీ పట్టడం, నేను చొక్కాకి కాలరు వేసేలోగా తొట్టి మూత లేచిపోయింది, ప్యాంటు కుట్టేలోగా నురగ మిషను దాకా వచ్చేసింది, మా ఆవిడ సబ్బునీళ్లు ఒలికాయనుకుని తుడిచేసింది పాపం, అది మళ్లీ కట్టింది! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైందేంటి?" అన్నాడు పక్క బెంచీ మీదున్న ఎలక్ట్రీషియన్, బన్ను టీలో ముంచుతూ.

"గది నిండిపోయింది! సరే, ఎలాగూ నిండింది కదా అని దాని మీదే దుప్పటి పరుచుకుని పడుకున్నా. ఒట్టు, దూది పరుపు ఎందుకూ పనికిరాదనుకో. మెలకువొచ్చేసరికి నా ముక్కు సీలింగుకి ఆనుకుని ఉంది."

"బావా, ఆడదాన్ని..."

"అక్కడికే వస్తున్నా! మగాడి కాపలా గురించి చెప్పకుండా ఆడదాని సంగతి ఎలా చెప్పనూ? గౌరామి నోట్లోంచి నీళ్లు చిమ్ముతుంది, తెలుసుగా? మావాడు మొదట దోమని కొట్టాడు. సరేలే అనుకున్నా. తర్వాత గోడ మీద బల్లిని కొట్టాడు. మీటరు చూడ్డానికొచ్చినాయన టోపీ ఎగిరి వీధి చివర పడింది. ఓరోజు పక్కింటి వంటగదిలో మంటలు లేస్తే, ఫైరింజను వచ్చేలోగా కిటికీలోంచి ఒకే ఒక్క ఉమ్ము!"

"ఆరిపోయిందా?"

"ఆరడమేంటి, ఆ తర్వాత వారం దాకా పక్కింటావిడ పొయ్యి అంటుకుంటే ఒట్టు!"

కొట్టులో అందరూ పగలబడి నవ్వారు. టీకొట్టాయనకి మాత్రం నవ్వు రాలేదు. తొట్టిలో పాలిపోయిన బూడిద రంగు ఆడ గౌరామి మొక్కల వెనక నక్కింది. మగది తరుముకుంటూ వెళ్లి దాని తోక కొరికింది.

"బావా, నీకు దణ్ణం పెడతా. దాన్ని చంపేసేలా ఉంది. తియ్యనా వద్దా?"

"తియ్యకు! తల్లిని పిల్లలకి దూరం చేస్తావా, మనిషివేనా నువ్వు? మా ఆడదాన్ని ఉంచబట్టే కదా పిల్లలు లక్షల్లో బతికాయి! తొట్టి చాలక బిందెలు తెచ్చా, బిందెలు చాలక డాబా మీద ట్యాంకులో పోశా, మా వీధిలో ఎవరు కుళాయి తిప్పినా గౌరామి పిల్లే..."

లోపల గిన్నెలు తోముతున్న టీకొట్టావిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. చిన్న వలతో ఆడదాన్ని మెల్లగా ఎత్తి, నీళ్లున్న గిన్నెలోకి వదిలింది. మగది వెంటనే గూటి కిందకి వెళ్లి, జారిపోతున్న గుడ్డుని నోటితో అందుకుని మళ్లీ బుడగల్లో పెట్టింది. టీకొట్టాయన అమ్మయ్య అనుకున్నాడు.

అప్పుడు ఆవిడ టైలర్ వైపు తిరిగింది. "అన్నయ్యా, మొన్న బట్టలు తీసుకోడానికి వచ్చినప్పుడు మీ జంటని చూశాను. రెండూ ఎర్ర నీలం చారలతో నిగనిగలాడుతున్నాయి."

"మరేమనుకున్నావ్ చెల్లెమ్మా! ఏరి ఏరి తెచ్చా. షాపువాడు అదిగో, అలాంటి వెలిసిపోయిన దాన్ని అంటగట్టబోతే ఛీ పొమ్మన్నా."

"ఆ వెలిసిపోయినవే ఆడవి. మీ ఇంట్లో ఉన్నవి రెండూ మగాళ్లే. మరి ఆ లక్షల గుడ్లు ఇద్దరిలో ఎవరు పెట్టారు?"

ఎలక్ట్రీషియన్‌కి పొలమారింది. నవ్వులు వీధిలోకి వినబడ్డాయి. టైలర్ ఖాళీ గ్లాసునే ఓసారి తాగి, గిన్నెలోకి తొంగిచూశాడు.

"చెల్లెమ్మా," అన్నాడు గొంతు తగ్గించి, "దానికెలాగూ ఇంకో ఇల్లు చూడాలి కదా. మా ఇంట్లో పెళ్లీడుకొచ్చినవాళ్లు ఇద్దరున్నారు."

"ముందు దీని తోక మాననీ అన్నయ్యా. ఈలోగా నువ్వెళ్లి ఆ ఇద్దరిలో ఒకడిచేత వేరు కాపురం పెట్టించు. అప్పుడు సంబంధం మాట్లాడదాం."