మేనత్త తెరిచిన మూడు బెజ్జాలు

"అక్కా, మోటారొచ్చేసింది!" అని వీధి చివర్నుంచి తోటమాలి కేక. మా మేనత్త అప్పుడు ఎవరిదో చిల్లుపడ్డ బిందెకి మాటు వేస్తోంది. పని అలాగే వదిలేసి పరుగు. ఆవిడ పోయి ఇన్నేళ్లయినా ఆ నడక నా కళ్లముందే ఉందిరా, ఎవర్నో కొట్టడానికి పోతున్నట్టుండేది. సరే, అదలా ఉంచు. మా ఊరి తోటలో పాటలు పాడే ఫౌంటెన్ ఉండేదిలే. కరెంటూ గిరెంటూ లేదు. నీళ్లు పైనుంచి గొట్టంలో దూకుతూ గాలిని కూడా కింద తొట్లోకి లాక్కుపోతాయి, ఆ గాలి వెళ్లి రేకు పిల్లంగొళ్లని ఊదుతుంది. మేకులు కొట్టిన చెక్క పీపా ఒకటి తిరుగుతూ, ఏది ఎప్పుడు పలకాలో చెప్తుంది. మా తాత పోయాక దాన్ని పట్టించుకున్నవాడు లేడు, మూగబోయింది. అత్త పదిరోజులు అతుకు అతుకుకీ మాటు వేసింది. అయినా కిక్కురుమనదే! తోట బాగుచేయిస్తున్న ఇంజనీరుగారికి విసుగొచ్చి, మోటారూ స్పీకరూ పెట్టేసి పాతదంతా తుక్కులోకి తోలేద్దామన్నారు.

ఆ మోటారే వచ్చిందనగానే ఈవిడ వెళ్లి తొట్టి మూతమీద బాసింపట్టు వేసుక్కూచుంది. లేవమంటే లేవదు. తోటలో సిమెంటు పనులు చేసే మేస్త్రీ ఊరుకోక, బిందెలు చూసుకోవమ్మా, నీకెందుకివన్నీ అన్నాట్ట. "బిందెలో నీళ్లు నిలవాలి, ఇందులో గాలి నిలవాలి. నాకు రెండూ ఒకటే పని" అంది. ఇంజనీరు నవ్వాపుకుని, సరే, మధ్యాహ్నం దాకా చూస్తానన్నాడు.

అప్పుడు నిచ్చెనెక్కింది. గొట్టం మెడ దగ్గర వరసగా మూడు సిమెంటు ముద్దలు. ఇవెవరు పెట్టారంటే, మేస్త్రీ ఛాతీ విరుచుకుని, నేనే, లీకులుంటే పూడ్చా అన్నాడు. అత్త ఉలి తీసుకుని ఠకాఠకా కొట్టేసింది. నీళ్లు చిమ్ముతాయని మేస్త్రీ ఒకటే గోల. నీళ్లు వదిలారా, బెజ్జాల్లోంచి చుక్క రాలేదు. పైగా అత్త చీర కొంగు దగ్గర పెడితే, లోపలికి లాగేసుకుంటోంది!

"ఇవి నీళ్లు పోయే దారులు కావు బాబూ, గాలి పీల్చే ముక్కులు" అంది.

ఫౌంటెన్ ముందు దగ్గింది, మట్టి కక్కింది, ఆ తర్వాత... ఏం చెప్పమంటావ్, తోటంతా పాటే. ఇంజనీరు గొంతు సవరించుకుని, ఎందుకైనా మంచిది, మోటారు కూడా ఉంచుదామా అన్నాడు. "మీ ఇంట్లో ఉంచుకోండి" అంది.

అందరికీ ఆకలి నకనకలాడుతోంది. తోటమాలి భార్య అన్నం తెచ్చి గట్టుమీద వడ్డించింది. ఇంజనీరూ చెప్పులు విడిచి కూచున్నాడు. మేస్త్రీ మాత్రం దూరంగా నుంచుని గోడ గోకుతున్నాడు. అత్త జరిగి పక్కన చోటిచ్చింది. "రా, తిను. తిన్నాక ఇంకా ఎక్కడెక్కడ పూడ్చావో చూపిద్దువుగాని."

వచ్చి కూచున్నాడు.