పదికి ఆరు

పెద్దవాళ్ళ వసతి గృహంలో మూడో గది. అప్పుడే జడ వేయించుకుని కూర్చున్న మామ్మగారి ఎదుట, ఒళ్ళో కాగితాలతో తనిఖీకి వచ్చిన కుర్ర అధికారి.

“మామ్మగారూ, మీకు స్నానం చేయించే అమ్మాయి పని ఎలా ఉంది?”

“ఏం చెప్పమంటావు నాయనా, ఘోరం.”

“నీళ్ళు మరీ వేడా?”

“వేడీ కాదు, చల్లగానూ ఉండవు. రోజూ సరిగ్గా సరిపోతాయి. విసుగు పుట్టదూ?”

“జడ చక్కగా వేసిందే!”

“ఒక్క వెంట్రుకా లాగదు. వేస్తోందో లేదో తెలిసి చావదు.”

“గోళ్ళు తీస్తుందా?”

“తీస్తూ నా కబుర్లన్నీ వింటుంది. పైగా మర్నాడొచ్చి, తరవాతేమైందని అడుగుతుంది. అంత ఆరా దేనికట?”

“పదికి ఎన్ని మార్కులు వెయ్యమంటారు?”

“రెండు.”

“రెండేస్తే ఉద్యోగం పీకేస్తారండీ!”

“అయ్యో నా తల్లే! తొమ్మిదెయ్యి. వద్దొద్దు! కిందటేడు ఇంకో అమ్మాయికి తొమ్మిదేశాను. మెచ్చుకుని ఆఫీసులో కూర్చోబెట్టారు. బదులొచ్చినావిడ ఆర్నెల్లు నా తలని చీపురుతో ఊడ్చినట్టు దువ్వింది. ఎన్నేస్తే ఉన్నచోటే ఉంచుతారు?”

“ఆరేస్తే కదపరండీ.”

“ఆరే వెయ్యి. అవునూ, నీ పనికీ మార్కులుంటాయా?”

“ఉంటాయండీ. ఇదిగో కాగితం, మీరే వెయ్యాలి.”

“ఇలా తే. ఓపిగ్గా విన్నావు, ఒక్కసారైనా గడియారం చూడలేదు. నీకూ ఆరే.”

“అబ్బ! అంత బాగా చేశానా మామ్మగారూ?”