కర్ణిక్ సాహెబు దారం

రా సాయలీ, రా. చెప్పులు ఎక్కడో ఒకచోట వదిలెయ్యి, ఫర్వాలేదులే. ఆ కుర్చీలో కాదు, దాని కాలు ఊగుతుంది, ఈ దివాను మీద కూర్చో. అటుకుల పోహే తింటావా? పొద్దున చేసిందే, కాస్త ఎండిపోయుంటుంది, పైన పాలు చిలకరిస్తే మెత్తబడుతుంది. వద్దా? సరే. మీ అమ్మ నిన్న మెట్ల దగ్గర నిలేసి అంతా చెప్పింది నాకు. చెప్పకేం చేస్తుంది, రెండ్రోజులుగా నువ్వు అన్నం ముట్టట్లేదట. అలా గుడ్లురమకు, మీ అమ్మని ఫ్రాకులో పరిగెత్తే రోజుల నుంచీ ఎరుగుదును నేను. నువ్వేమో ఆజోబా, తాతయ్యా అంటూనే ఇంత దాచిపెడతావా? సరే, నేనే చెబుతాను, తప్పయితే తప్పను. ఏదో బడికి నువ్వు ఏసీ డ్రాయింగు గీశావు. లోపలికి మంచి గాలి పీల్చుకునే గొట్టం నోరు తీసుకెళ్ళి సరిగ్గా జనరేటరు పొగ గొట్టం పక్కన పెట్టావు. ఆ కాగితం సైటుకి వెళ్ళిపోయాక గానీ నీకు తెలిసిరాలేదు. కనిపెట్టింది నువ్వొక్కదానివే. మీ పైవాడు, ఎవరూ, ఆ సావే, వాడికి చెబితే "ఊరుకో, కరెంటు ఎప్పుడో గానీ పోదు, ఎవడు చూడొచ్చాడు" అన్నాడు. అంతేనా? ఇంకా పైవాళ్ళకి చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే పిల్లలు పొగ పీలుస్తారు. అందుకని అసలు ఈ పనే వద్దు, మానేసి కంప్యూటరు కోర్సులో చేరిపోతాను అంటున్నావు. ఊఁ. ముక్కు తుడుచుకో ముందు.

జూన్‌లో ఉద్యోగంలో చేరేముందు కూడా ఇలాగే వచ్చి కూర్చున్నావు, గుర్తుందా? ఏ సాఫ్ట్‌వేరు నేర్చుకోవాలి, ఏ పరీక్ష రాయాలి, దుబాయి వెళ్ళాలంటే ఎన్నేళ్ళ అనుభవం కావాలి, అన్నీ ఫోన్లో రాసుకుని వచ్చావు. నేనేమన్నాను? మంచి బూట్లు కొనుక్కో అన్నాను. నవ్వావు. ముసలాడికి మతి పోయిందనుకున్నావు. మా రోజుల్లో మేమూ అలాగే అనుకున్నాం, ఆ మాట నాతో అన్నాయన గురించి. కర్ణిక్ సాహెబు సంగతి నీకెప్పుడూ చెప్పలేదూ? మీ అమ్మకి చెప్పి చెప్పి విసిగించాను. ఫోర్టు పేటలో మణిలాల్ శేఠ్ ఆఫీసని ఉండేది. పెద్ద పెద్ద భవనాలకి ఏసీలూ, నీళ్ళ గొట్టాలూ, కరెంటు తీగలూ, అన్నీ మేమే గీసిచ్చేవాళ్ళం. అక్కడ మా అందరికీ పెద్ద ఇంజనీరు ఆయన. చూడ్డానికేముంది, ఎండిన కరివేపాకు రెమ్మలా ఉండేవాడు, వానైనా ఎండైనా చేతిలో గొడుగు. పిసినారి. టీ తాగిస్తాడేమోనని ఆశపడితే ఒక్కటే తెప్పించి కప్పు మనకిచ్చి సాసరు తను తీసుకునేవాడు. నోరా, అబ్బో. ఆర్కిటెక్టులంటే ఒళ్ళుమంట. ఒకాయన వచ్చేవాడు, మెడకి పట్టు గుడ్డ చుట్టుకుని, "కర్ణిక్, మీ గొట్టాలు నా సీలింగు అందం చెడగొడుతున్నాయి, కాస్త సన్నబడమనండి" అంటూ. ఈయన కళ్ళజోడు పైనుంచి చూసి, "దానికేం, మీ భవనంలో వాళ్ళని కాస్త తక్కువ ఊపిరి పీల్చమనండి, సన్నం చేస్తాను" అనేవాడు. ఆయన లేచి వెళ్ళిపోయాక మా వైపు తిరిగి, "మీరెవరూ ఇలా మాట్లాడకండి, అన్నం పుట్టదు" అనేవాడు. అదీ మనిషి.

ఆయనకో పద్ధతుండేది. డిగ్రీ పుచ్చుకుని కొత్తగా ఎవరు చేరినా ముందు పెన్సిలు ముట్టనిచ్చేవాడు కాదు. "చెడ్డ కుర్చీకి వెళ్ళు" అనేవాడు. అంటే ఏంలేదు, మా ఆఫీసు నిరుడు చేసిన భవనం ఏదో ఒకటి చెప్పి, అందులో అందరికంటే చెడ్డ కుర్చీ ఏదో వెతుక్కుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుని రమ్మనేవాడు. చెడ్డ కుర్చీ ఏదో ఎలా తెలుస్తుందండీ అంటే, "ఊడ్చే ఆవిణ్ణి అడుగు" అనేవాడు. నన్నో బ్యాంకుకి పంపాడు. క్యాషియరు వెనకాల కూర్చున్నాను. ఆ చల్లగాలి తిన్నగా మెడ మీద పడి, సాయంత్రానికి మెడ ఇటు తిరిగితే ఒట్టు. మా అమ్మ ఉప్పు కాపడం పెడుతూ "ఇదేం ఉద్యోగం రా, కూర్చోబెట్టి చంపుతున్నారు" అని ఒకటే గొడవ. ఆఫీసుకెళ్ళి మెడ వంకరగా పెట్టుకుని నిలబడితే ఆయన నవ్వలేదు. "ఆ క్యాషియరు రోజూ కూర్చుంటున్నాడు, పాఠారే. పో, ఇప్పుడు పెన్సిలు పట్టుకో" అన్నాడు. నన్నెప్పుడూ అలా ఇంటిపేరుతోనే పిలిచేవాడు. దిఘే అని నాతోపాటు చేరినవాడు ఒకడుండేవాడు. వాడు తెలివైనవాడు. కుర్చీకి వెళ్ళకుండా సినిమాకెళ్ళి, మర్నాడు బ్రహ్మాండమైన కథ అల్లి చెప్పాడు. బాగా పైకొచ్చాడులే వాడు. పుణేలో ఇల్లు కూడా కట్టాడు. దాని సంగతి ఇప్పుడెందుకు.

ఎక్కడున్నాను? ఆఁ, ప్రసూతి ఆసుపత్రి. పేరెందుకులే, ఇప్పుడది లేదు కూడా. అక్కడ నెలలు నిండకుండా పుట్టిన పసిగుడ్ల కోసం ఒక గది. దానికి ఏసీ కర్ణిక్ సాహెబు తనే గీశాడు, ఎవరిచేతా గీయించలేదు. అప్పట్లో అదొక గొప్ప, పై ఊళ్ళనుంచి డాక్టర్లు చూడొచ్చేవాళ్ళు. వానాకాలంలో మొదలైంది తంటా. గదిలోకి రావాల్సినంత గాలి రావట్లేదు. దిఘే వెళ్ళి ఫ్యాను వేగం పెంచాడు. కొన్నాళ్ళకి మిషను దగ్గర గొట్టంలో కొలిస్తే గాలి ఇంకా తగ్గింది. పుల్లీ మార్చి మళ్ళీ పెంచాడు. ఇంకా తగ్గింది! లెక్క సరిగ్గానే ఉంది, ఫ్యాను గుర్రంలా పరిగెడుతోంది, గాలి మాత్రం లేదు. అందరం తలలు పట్టుక్కూర్చుని, ఇహ లాభంలేదు, మోటారే పెద్దది వెయ్యాలని తీర్మానించాం. ఇంజనీర్లం కదమ్మా. గాలి తగ్గిందంటే మోటారు పెంచడం తప్ప ఇంకోటి రాదు మాకు. ఆ గదిలో నర్సులుంటారనీ, వాళ్ళకి నోళ్ళుంటాయనీ ఒక్కడికీ తట్టలేదు. కర్ణిక్ సాహెబు మోటారు కాగితం మీద సంతకం పెట్టబోతూ పెన్ను మూత పెట్టేసి, "అక్కడ చెడ్డ కుర్చీకి ఎవరూ వెళ్ళలేదు కదూ" అన్నాడు. గొడుగు తీసుకుని బయల్దేరాడు. నన్నూ రమ్మన్నాడు.

అక్కడ సిస్టర్ అలేయమ్మ అని కేరళ నర్సు, చూస్తేనే భయమేసేది. మాకు చేతులు కడిగించి, గౌన్లు తొడిగించి, ఆ మూల తొట్టి పక్కన ఆయనకో స్టూలు వేసింది. ఆ తొట్లో పిల్ల, ఏం చెప్పను, అరచేతిలో ఇమిడిపోయేంత ఉంది. ముఖం కంటే టోపీ పెద్దది. కర్ణిక్ సాహెబు కూర్చుని తల పైకెత్తాడు. పైన గాలొచ్చే రేకు జాలీ నిండా గుడ్డలు. పాత చీరల పేలికలూ, పిల్లల లంగోటీలూ, కుక్కి కుక్కి పెట్టారు! ఆయన ఏమీ అనకముందే అలేయమ్మే అందుకుంది. "అవును సార్, మేమే పెట్టాం. మీరెంత పంపిస్తే మేమంత కుక్కుతాం. మీరింకా పంపుతారు, మేమింకా కుక్కుతాం. మీ దగ్గర ఫ్యాన్లు అయిపోవు, మా దగ్గర గుడ్డలు అయిపోవు. చూద్దాం." చెప్పొచ్చు కదమ్మా అన్నాను నేను. "ఎందుకు చెప్పలేదూ? మీ దిఘే సారు గోడ మీద థర్మామీటరు చూపించి, వేడి సరిగ్గానే ఉంది సిస్టర్, చలి మీ ఒంట్లో ఉందేమో అన్నారు." థర్మామీటరు నిజమే చెప్పింది, సాయలీ. అది గోడ మీదుంది, గాలేమో తొట్టి మీద పడుతోంది. ఆవిడ మాట్లాడుతూనే ఆ పిల్ల చేతులు తన అరచేతుల్లో పెట్టుకుని రుద్దుతోంది, నీలంగా ఉన్నాయి ఆ వేళ్ళు. ఆయన ఆ జాలీలోంచి ఒక గుడ్డ లాగి, తన చెయ్యి తొట్టి మీద చాపి, అలాగే ఉంచేశాడు. ఆయన మొహం వైపు నేను చూడలేకపోయాను. వెంటనే ఆ గుడ్డ మళ్ళీ తనే అక్కడ కుక్కేశాడు.

అయితే అసలు కష్టం ఇక్కడ మొదలైంది. ఆ ఆసుపత్రివాళ్ళే ఇంకో పెద్ద భవనం కడుతున్నారు. ఆ పని మాకే ఇవ్వాలని అనుకుంటున్నారు. ఇదేమిటీ గాలి గొడవ అని ట్రస్టీలు పిలిపించారు. మణిలాల్ శేఠ్ ఏమన్నాడనుకున్నావు? చెడ్డవాడు కాదు ఆయన, తియ్యగా మాట్లాడేవాడు. "కర్ణిక్‌భాయ్, నర్సులు జాలీల్లో గుడ్డలు కుక్కారా లేదా? కుక్కారు. అబద్ధమేం కాదుగా? ఆ ఒక్కమాట చెప్పి వచ్చెయ్. కొత్త భవనం మనది. ఆఫీసు బోర్డు మీద నా పక్కన నీ పేరు." చూశావా, అబద్ధం ఆడమని కూడా అనలేదు. మీ సావే లాంటివాడే, కాస్త చదువుకున్న సావే. తప్పు నర్సుల మీదికి పోతే వాళ్ళ ఉద్యోగాలేమవుతాయో ఆయన అనలేదు, మేమూ అడగలేదు.

కర్ణిక్ సాహెబు ధైర్యంగా వెళ్ళి గర్జించాడనుకునేవు. అదేం లేదమ్మా. మీటింగు రోజు నన్ను తోడు రమ్మన్నాడు. మెట్ల మీద కూర్చున్నాడు. "ఠాణేలో మా బావమరిది మందుల కొట్టుంది, పాఠారే. రమ్మని ఎప్పణ్ణుంచో అంటున్నాడు. తలనొప్పి మాత్ర అడిగితే తలనొప్పి మాత్ర ఇవ్వడం. హాయి. ఈ పని నాకు చేతకాదు, మానేస్తాను" అన్నాడు. తలెత్తావేం? అవును, అచ్చం నీ మాటే. అంత పెద్ద ఇంజనీరు, తలంతా నెరిసినవాడు. నేను పక్కన కూర్చున్నానంతే. కాసేపటికి లేచి స్నానాలగదికెళ్ళి కక్కుకున్నాడు. ముఖం కడుక్కుని, నా రుమాలు అడిగి తుడుచుకుని, లోపలికెళ్ళాడు. తలుపు ఓరగా ఉంది, విన్నాను. "నర్సులది తప్పు కాదు. వాళ్ళు గుడ్డలు కుక్కబట్టే ఆ పిల్లలున్నారు. గీసింది నేను. గాలి తిన్నగా తొట్ల మీద పడుతుందని చూసుకోలేదు. నాకు ఒక్కరోజు ఆ గది ఇప్పించండి, సరిచేస్తాను." అంతే.

ఆఁ? లేదు, ఉద్యోగం తియ్యలేదు. కానీ అంతా బాగైపోయిందని నీకు అబద్ధం చెప్పను. కొత్త భవనం ఇంకెవరికో పోయింది. బోర్డు మీదికి ఆయన పేరు ఎక్కనే లేదు, తరవాత దిఘే పేరు ఎక్కింది. ఆయన ఆ బోర్డు కిందనుంచే రోజూ వచ్చి పోయేవాడు. ఒక్కోసారి ఆగి చూసేవాడు కూడా, మనిషే కదా. బాధ ఉండదా?

కానీ ఆ రోజు గది ఇచ్చారు. మేం మామూలుగా అగరొత్తి వెలిగించి, పొగ ఎటు పోతోందో చూసి గాలి కనిపెడతాం. పసిపిల్లల దగ్గర పొగ పెట్టలేం కదా, ఎలాగా అని చూస్తుంటే అలేయమ్మ బ్యాండేజీ గుడ్డలోంచి ఒక పోగు లాగి పుల్లకి కట్టింది. ఈయన నిచ్చెనెక్కి జాలీ రెక్కలు ఇటు తిప్పడం, అటు వంచడం, ఆవిడ కింద తొట్టి మీద ఆ పుల్ల పట్టుకుని, "ఊగుతోంది సార్. ఇంకా ఊగుతోంది. కళ్ళు లేవా సార్, ఇంకా ఊగుతోంది. ఆఁ, నిలబడింది" అనడం. ఒక్కో తొట్టి దగ్గరా అంతే. అన్నీ అయ్యాక జాలీల్లో గుడ్డలు ఆవిడే పీకేసింది. ఠాణే మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు. ఆ తరవాత కొత్తగా ఎవరు చేరినా చెడ్డ కుర్చీకి పంపేముందు ఇంత బ్యాండేజీ దారం చేతిలో పెట్టేవాడు. పిసినారి కదా, ఆయన ఊరికే ఇచ్చింది అదొక్కటే. 

చివర్లో గుండె చెడింది. నేను చూడ్డానికెళితే ఐసీయూలో పడుకుని పైకి చూస్తున్నాడు. మాట రావట్లేదు సరిగ్గా. వంగితే, "కాళ్ళ మీద పడుతోంది, ఎవడు గీశాడో" అన్నాడు. నేను ఆ ఉప్పునీళ్ళ సీసా వేలాడే కడ్డీకి ఒక దారం కట్టాను. నిజమే, కాళ్ళవైపే ఊగుతోంది. చూపించాను. తృప్తిగా చూశాడు, నవ్వాడనుకుంటా. దుప్పటి కాళ్ళమీదికి లాగాను. నేను అక్కడ ఉండగానే పోయాడు, సాయలీ. డాక్టర్లొచ్చారు, ఏవేవో చేశారు, వెళ్ళిపోయారు. ఆయన ఊపిరి ఆగిపోయింది. ఆ దారం మాత్రం ఊగుతూనే ఉంది…

… … …

ఆ ఫ్యాను కాస్త తగ్గించు. ఊఁ, చాలు. ఆ బడిలో పొగ ఎటువైపు గదుల్లోకి వస్తుందన్నావు? మూడో అంతస్తా. చిన్నపిల్లల తరగతులా పెద్దవాళ్ళవా? … చిన్నపిల్లలవా. సరే. రేకు గొట్టాలు ఇంకా బిగించలేదు కదా? అయితే… ఎక్కడికి లేచావు? ఫోనా? మీ ఆఫీసులో పెద్దవాళ్ళకా? ఇక్కడ సిగ్నలు రాదు, బాల్కనీలోకి వెళ్ళు. తలుపు దగ్గరికి వేసుకో, నేను వినన్లే. నువ్వు మాట్లాడి వచ్చేలోగా పోహే మీద పాలు చిలకరించి ఉంచుతాను.